సుభద్రగారు అడిగే కారణం

మొన్న నోయిడాలో ఒక దుకాణం ముందు నడుస్తుంటే తడిసిన కూలర్ గడ్డి వాసన తగిలింది. ఇరవై ఏళ్ల నాటి కుళ్లు మళ్లీ మేలుకుంది.

ఢిల్లీలో మా ప్రభుత్వ కార్యాలయంలో కూలర్ పక్క సీటు సుభద్రగారిది. కరీంనగర్ మనిషి, ఇంటర్ వరకే చదివారు. నేను ఇంగ్లిషు ఎమ్మే. అయినా మెమో అందుకున్న ప్రతివాడూ ఇంగ్లిషులో సంజాయిషీ రాయించుకోవడానికి ఆవిడ దగ్గరికే పోయేవాడు. చల్లగాలి కోసం పోతున్నారులే అని సరిపెట్టుకునేవాణ్ణి. డిసెంబరులోనూ పోయేవారు.

ఒకసారి డ్రైవరు ఆలస్యంగా వచ్చినందుకు 'ఓయింగ్ టు అనవాయిడబుల్ సర్కమ్‌స్టాన్సెస్' అని గంభీరంగా రాసిచ్చాను. ఏమిటా సర్కమ్‌స్టాన్సెస్ అంటూ ఆఫీసరు తిప్పి పంపాడు. సుభద్రగారు పెన్ను ముట్టుకోకుండా ముందు అసలేమైందని అతన్ని అడిగారు, "భయ్యా, హువా క్యా థా?" అని. పొగమంచులో దారి కనబడలేదట. 'బికాజ్ ఆఫ్ ఫాగ్' అని రాశారు. ఆ మూడు ముక్కలకే కాగితం పాసైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాతి వేసవిలో ఆవిడను సిమ్లాలో శిక్షణకు పంపాలన్న ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. గడువు దాటేదాకా సొరుగులో ఉంచాను. మర్చిపోలేదు, కావాలనే ఉంచాను. ఈసారి మెమో నాకే వచ్చింది. 'డ్యూ టు ప్రెషర్ ఆఫ్ వర్క్' అని రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తిరిగొచ్చింది. మూడోసారీ తిరిగొస్తే సర్వీసు పుస్తకంలో మచ్చ పడుతుంది. తల వంచుకుని కూలర్ దగ్గరికి వెళ్లాను.

"అసలేమైంది తమ్మీ?" అన్నారు.

"పని ఒత్తిడి, మేడమ్."

"అది కాయితానికి. నాకు చెప్పు. అసలు సంగతి తెల్వకుంట మాటెట్ల దొరుకుతది?"

మెమో విప్పి ఆవిడ బల్ల మీద పెట్టాను; అందులో ఉన్నది ఆవిడ సిమ్లా ఫైలు సంగతే.

"మీరంటే కుళ్లు, మేడమ్," అన్నాను.

ఆవిడ అప్పుడు పెన్ను తీశారు. 'బికాజ్ ఆఫ్ మై ఫాల్ట్ అలోన్' అని రాసి కాగితం నా ముందుకు జరిపారు. "తప్పు నీదని ఒప్పుకో. ఎందుకు చేసినవో మనిద్దరికి తెలిస్తే చాలు. సంతకం చెయ్యి."

ఆ కాగితం తిరిగి రాలేదు. సిమ్లా అవకాశమూ ఆవిడకు మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా సెక్షన్లో సంజాయిషీలు నేనే రాస్తాను. పెన్ను తీసేముందు అసలేం జరిగిందని అడుగుతాను. కొందరు చెబుతారు, చాలామంది పని ఒత్తిడి అంటారు. ఆవిడకు మాత్రం అందరూ నిజమే చెప్పేవారు, నేను కూడా. అందుకు ఈరోజుకీ కుళ్లుకుంటూనే ఉన్నాను.