షర్బత్ నేర్చుకున్నాం, మాఫీ నేర్చుకోలేదు

ఆకలిని పుట్టించిన దేవునికి స్తోత్రం. ఆకలికి తగిన అన్నాన్ని కూడా పుట్టించినందుకు మరోసారి స్తోత్రం. నమిలే పళ్లు, మింగే గొంతు, మన కంటికి కనిపించకుండా లోపల పనిచేసే పేగు, అన్నీ ఆయన చేతిపనే. ఆ పేగును కోసి మళ్లీ అతికించే నేర్పును డాక్టరు వేళ్లకు ఇచ్చింది కూడా ఆయనే. ఈ చివరి మాటకు మా సంఘంలో కొందరు ఆమెన్ అనరు. నేను ఇదంతా రాస్తున్నది అందుకే.

కోపంతోనే రాస్తున్నాను. కోపం రావచ్చు గాని ఆ కోపంలో పాపం చేయకూడదని సండే స్కూల్లో మాకు కంఠతా పట్టించారు. మొదటి సగం బాగానే నెరవేరుస్తున్నాను. రెండో సగం కోసం కష్టపడుతున్నాను.

మాది హైదరాబాద్ పాతబస్తీలో జహనుమా. మా ప్రార్థనా మందిరం ఫలక్‌నుమా స్టేషన్‌కు వెళ్లే దారిలో ఒక వెల్డింగ్ షాపు మీది అంతస్తులో ఉంది. నెలకో శుక్రవారం అక్కడ స్త్రీల ఉపవాస కూటం జరుగుతుంది. పదకొండేళ్లు ఆ కూటంలో వాక్యం చదివింది నేనే. చదివి, నాకు తెలిసినంతలో వివరించేదాన్ని. నేను పనిచేసే స్కూల్లో నా మాట ఎవరూ వినరు. ఇంట్లో సగం వింటారు. ఆ అరగంట మాత్రం దేవుడు నా నోటిని వాడుకుంటాడని నమ్ముతాను. ఆ అరగంట నాకు దక్కుతుందా లేదా అన్నదే ఇప్పుడు నేను చెప్పబోయే లొల్లి.

ఏడాదిన్నర కిందట నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. అప్పుడు నూట పద్దెనిమిది కిలోలు ఉండేదాన్ని. రోజూ రెండు పూటలా ఇన్సులిన్. మందిరం మెట్లు పద్దెనిమిది ఉంటే మూడుచోట్ల ఆగేదాన్ని. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. కడుపు పైభాగంలో కోడిగుడ్డంత సంచి మిగులుస్తారట. దాన్ని తీసుకుపోయి కింది పేగుకు కలుపుతారట. "ఇక నుంచి మీరు తినేది ఇందులో పట్టినంతే" అన్నాడు.

తినడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. మొదట్లో వడకట్టిన చారు, తర్వాత మెత్తగా చిదిమిన పప్పు, ఆ తర్వాతే గట్టి పదార్థం. ముందు గుడ్డో చికెనో పెరుగో తినాలి, అన్నం చివర్లో, అదీ చోటుంటే. అన్నం మెతుకు లోపల ఉబ్బి బండలా కూర్చుంటుంది. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. తిన్న అరగంట తర్వాత, గుక్క గుక్కగా, రోజంతా తాగుతూ ఉండాలి. ఒక గంట మానేసినా తల తిరుగుతుంది. మామూలు చెంచాతో తింటే తొందర ఎక్కువవుతోందని మా ఆయన, నేను అఫ్జల్‌గంజ్ వెళ్లి చిన్న చెంచా అడిగాం.

"పోతా హై క్యా ఘర్ మే అమ్మా?" అన్నాడు దుకాణదారు, ఇంట్లో మనవడున్నాడా అని.

"మనవడు లేడు భాయ్. చమ్చా నాకే," అన్నాను.

అతను నన్ను, చెంచాను మార్చి మార్చి చూశాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేక పక్క దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నన్ను బాధపెట్టలేదు. సంఘంలో విన్న మాటలే బాధపెట్టాయి.

"దేవుడిచ్చిన కడుపు కోయించుకున్నవా అక్కా? ఉపాసం ఉంటే తగ్గకపోవునా?" అంది ఒక చెల్లి. "విశ్వాసం తక్కువైతేనే ఆస్పత్రికి ఉరుకుతరు."

"మరి నీ కండ్లద్దాలు ఏంది? తీసి పక్కకు పెట్టు. విశ్వాసంతోని చదువు," అన్నాను. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మా మందిరంలో ఉపవాసం అంటే ఏమిటో చెప్పాలి. పొద్దున లేచినప్పటి నుంచి సూర్యుడు వాలేదాకా చుక్క నీరు కూడా ముట్టరు. ఇది ఏ మిషనరీ నేర్పిన పద్ధతీ కాదు. మా వీధి చుట్టూ రంజాన్‌లో రోజా ఉండే ఇళ్లే. వాళ్లు గొంతు తడుపుకోకుండా ఉంటే మనం టీ తాగుతూ ఉపవాసం అంటామా అని మా పెద్దవాళ్లకు రోషం వచ్చింది. ఆ రోషంలో తప్పు లేదు. సాయంత్రం విడిచేటప్పుడు ఖర్జూరం, నిండు గ్లాసుతో చల్లటి ఎర్ర షర్బత్, ఆ తర్వాత బగారా అన్నం. అదీ వాళ్లను చూసి నేర్చుకున్నదే.

ఆపరేషన్ అయిన ఆరో నెలలో మళ్లీ వాక్యం చదువుతానని అడిగాను. సంఘ పెద్ద కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. గవర్నమెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఫైలు చూసినంత శ్రద్ధగా మనుషుల్ని చూస్తారు.

"చదవండమ్మా, సంతోషం. అయితే ఉపవాసం లేని నోటితో ఉపవాస కూటంలో వాక్యం చదవకూడదు. పద్ధతి పద్ధతేగా," అన్నారు.

చదవాలన్న ఆశతో ఒప్పుకున్నాను. ఆ తప్పు నాది. కూటం రోజంతా నీళ్లు లేవు. మధ్యాహ్నానికే అక్షరాలు ఈదుతున్నాయి. అయినా నిలబడి చదివాను. సాయంత్రం మా పాస్టరమ్మ తన చేత్తో గ్లాసు తెచ్చింది. "తాగు బిడ్డా, మస్తు ఎండిపోయినవ్" అంది. పాస్టరమ్మ చేత్తో ఇచ్చింది కాదనడం మా దగ్గర లేదు. మూడు గుక్కల్లో తాగేశాను.

తీపి నా లోపల ఆగదు. ఆగడానికి అక్కడ కడుపే లేదు. నేరుగా పేగులోకి దూకుతుంది. దీన్ని డాక్టర్లు డంపింగ్ అంటారు. పది నిమిషాల్లో గుండె గొంతులో కొట్టుకోవడం మొదలుపెట్టింది. చెమటకు చీర ఒంటికి అంటుకుంది. కడుపులో మెలిక, గదంతా వినిపించేంత గుడగుడ, చేతులు కాళ్లు వణుకు. "నన్ను జర పండబెట్టున్రి" అన్నాను.

పడుకోబెట్టలేదు. వణుకు చూశారు. గుడగుడ విన్నారు. "అపవిత్రాత్మ!" అని ఎవరో కేక వేశారు. అంతే, ఆరేడు చేతులు నా తల మీద పడ్డాయి. నుదుటి మీద నూనె. "వదులు! యేసు నామంలో వదులు!" పడిపోకుండా ఇద్దరు రెండు భుజాలూ పట్టి నిలబెట్టారు. నాకేమో పడుకుంటే చాలు.

"నీ పేరు ఏంది? పేరు చెప్పు!" అని నా లోపలి దయ్యాన్ని అడుగుతోంది కళ్లద్దాల చెల్లి.

"షర్బత్!" అన్నాను.

ఒక్కరూ నవ్వలేదు. పైగా, నోరు ఎండిపోతోందని ఇంకో గ్లాసు తెచ్చి తాపారు. ఆ రెండోది లోపల నిలవలేదు. నేల మీద ఎర్రగా కక్కేశాను. "పోయింది! పోయింది! స్తోత్రం!" అని చప్పట్లు.

ఆదివారం ఆరాధనలో దాన్ని సాక్ష్యంగా చెప్పారు. మన సహోదరిని ప్రభువు విడిపించాడట. నేను మూడో వరుసలో కూర్చుని విన్నాను. నా అజీర్తికి సంఘమంతా హల్లెలూయ చెప్పింది. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ప్రభువు నిజంగా విడిపించిన సంగతులు నా జీవితంలో లేవా? ఇన్సులిన్ సూది మానేసిన రోజు నేను సాక్ష్యం చెప్తానంటే సమయం లేదన్నారు. వాంతికి మాత్రం సమయం దొరికింది.

ఆ వారం మా పక్కింటి ముస్లిం ఖాలా గిన్నెలో మరగ్, అంటే పల్చటి మటన్ చారు, తెచ్చింది. నా కోసమే కొవ్వు తీసేసి, ముక్కను వేళ్లతో చిదిమితే విడిపోయేలా ఉడికించింది. జరిగిందంతా చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, మా తాన బీమారోళ్లకు రోజా మాఫ్ ఉంటది కదమ్మా. మీ తాన లేదా?"

వాళ్ల ఖర్జూరం తెచ్చుకున్నాం, వాళ్ల షర్బత్ తెచ్చుకున్నాం, ఎండు గొంతు తెచ్చుకున్నాం. రోగికి వాళ్లిచ్చే మాఫీని మాత్రం వాళ్ల గుమ్మంలోనే వదిలేసి వచ్చాం. మనది కృపగల దేవుని సంఘం అని బోర్డు మీద రాసుకున్నాం కూడా.

అలాగని నేనేమీ వెంటనే లేచి మాట్లాడలేదు. నాలుగు నెలలు దొంగతనం చేశాను. పదకొండు గంటలకు బాత్రూముకని చెప్పి మెట్లు దిగి, వెల్డింగ్ షాపు వెనక నిలబడి ఉడికిన గుడ్డు తినేదాన్ని. ఎవరైనా చూస్తారని గబగబా మింగేదాన్ని. ఇలాంటి కడుపుకు గబగబా అంటే శిక్షే. ఒకరోజు గుడ్డు సరిగ్గా రొమ్ము ఎముక వెనక ఇరుక్కుంది. కిందికి పోదు, పైకి రాదు. నోట్లోంచి నురుగులాంటి ఉమ్ము కారుతోంది. గోడ పట్టుకుని ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాను. మీద నా తోటివాళ్లు పాడుతున్న పాట వినిపిస్తోంది. దేవుని బిడ్డను, దేవుడిచ్చిన గుడ్డును, దేవుని ఇంటి వెనక దాక్కుని తింటున్నాను. సిగ్గు అంతా ఆ గోడ దగ్గరే అయిపోయింది. మిగిలింది కోపం.

మరుసటి రోజు డాక్టరు రాసిచ్చిన కాగితంతో సంఘ పెద్ద ఇంటికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండువైపులా తిప్పి చదివారు.

"ఇది డాక్టరు మాటమ్మా. వాక్యం కాదు."

"వాక్యమే చెప్త అన్నయ్యా. చచ్చిపోత అని పొద కింద పడుకున్న ప్రవక్త దగ్గరికి దూత వచ్చి ఏం చేసిండు? ప్రసంగం చేసిండా? రొట్టె పెట్టిండు, నీళ్లు పెట్టిండు. ఒక్కసారి కాదు, రెండుసార్లు. కొంచెం తిని, పండుకొని, లేచి మళ్ల తినుమన్నడు. డాక్టరు నాకు చెప్పింది గదే. చచ్చిన పన్నెండేండ్ల పిల్లను లేపినంక ప్రభువు తల్లిదండ్రులకు ఏం చెప్పిండు? ఉపాసం చెయ్యున్రి అన్నడా? పిల్లకు తిననీకి పెట్టున్రి అన్నడు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా మాట లోపలికి వెళ్లిందనే అనుకున్నాను. తర్వాత గొంతు తగ్గించి, మంచి సలహా ఇస్తున్నట్టు అన్నారు: "ఎందుకమ్మా ఈ గొడవంతా? ఏ మూలో చాటుగా తినేసి రండి. ఎవరు చూడొచ్చారు?"

నాకు దయ్యం పట్టిందన్నప్పుడు కూడా అంత కోపం రాలేదు. "ఎవరు చూస్తరో మీరే మాకు నేర్పినరు అన్నయ్యా" అని లేచి వచ్చేశాను.

మరుసటి నెల కూటంలో పదకొండు గంటలకు, పాటకూ పాటకూ మధ్య, చాప మీద కూర్చునే స్టీలు డబ్బా తెరిచాను. గుడ్డు వాసన ఫ్యాను గాలికి గదంతా తిరిగింది. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "గిదేంది, కూటంల టిఫినా?" అని వెనక నుంచి వినిపించింది. నేను ఒక్కో ముక్క ఇరవైసార్లు నమిలాను. సగం గుడ్డు, నాలుగు చెంచాల గట్టి పెరుగు. అరగంట ఆగి నీళ్లు తాగాను. ఏదీ ఇరుక్కోలేదు. చాలా రోజుల తర్వాత కడుపూ మనసూ రెండూ నెమ్మదిగా ఉన్నాయి.

చదివే సమయానికి లేచాను. పక్కన కుర్చీలో ఉన్న సంఘ పెద్ద చెయ్యెత్తి, "ఈరోజు వేరే సహోదరి చదువుతారు" అన్నారు. పాస్టరమ్మ చాప అంచును చూస్తూ ఉండిపోయింది. ఆమె ఒక్క మాట అంటే చాలు, అనలేదు. కళ్లద్దాల చెల్లి లేచి చదివింది. పాపం, మూడు పేర్లు తప్పు చదివింది. నేను కూర్చున్నాను.

అప్పుడు నా పక్కనున్న పెద్దామె, డెబ్బై దాటిన మనిషి, నా మోచేయి గిల్లింది. "బిడ్డా, ఆ డబ్బాల ఏమన్న ఉన్నదా? పొద్దుగాల షుగర్ సూది ఏస్కొని వచ్చిన. కండ్లు తిరుగుతున్నయ్."

"సూది ఏస్కొని తినకుండ వచ్చినవా అవ్వా? పానం పోతదే!"

"ఏండ్ల సంది గట్లనే వస్తున్న. ఎవల్కి చెప్పుమంటవ్?"

మిగిలిన సగం గుడ్డు ఆమె చేతిలో పెట్టాను. గోడవైపు తిరగబోయింది. "ఇటే తిరిగి తిను" అన్నాను. తిరిగింది. అందరి ముందే, పళ్లు లేని నోటితో, నాకంటే నెమ్మదిగా నమిలింది.

అది జరిగి ఐదు నెలలైంది. నాకు ఇంకా చదివే అవకాశం ఇవ్వలేదు. ఇస్తారని కూడా తోచడం లేదు. ప్రతి కూటానికీ వెళ్తున్నాను, అవ్వ పక్కన కూర్చుంటున్నాను, ఇద్దరం తింటున్నాం. పోయిన అరగంట గుర్తొచ్చినప్పుడు ఏడుపు వస్తుంది. దాచుకోను. కానీ ఆ అరగంట తిరిగి దక్కడానికి అవ్వ మళ్లీ ఖాళీ కడుపుతో సూది వేసుకుని రావాలంటే, ఆ అరగంట నాకు వద్దు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం తల వంచండి. పొద్దున తిన్నారా, తిన్న నోటితోనే నాతో కలిసి అడగండి. ప్రభువా, నీ పేరు చెప్పి రోగుల నోరు కట్టేసేవాళ్ల మనసు మెత్తబరచు. మందు వేసుకుని తినకుండా ఏదో ఒక చాప మీద కళ్లు తిరుగుతూ కూర్చున్న ప్రతి మనిషినీ ఈ శుక్రవారం పడిపోకుండా పట్టుకో. నా కోపంలో నీది కానిది ఉంటే తీసెయ్యి, నీదైనది ఉంచు. ఆమెన్ అనండి. గట్టిగా అనండి.