జోహరాబీ దవాఖాన తారీఖు

నర్సింహులపేట చుట్టుపక్కల పది ఊళ్ల ఆడవాళ్ల చేతులు జోహరాబీకి తెలుసు. ఎవరి చెయ్యి మెత్తన, ఎవరిది బిగుసు, గాజు ఎక్కించేటప్పుడు ఎవర్ని మాటల్లో పెట్టాలి, అన్నీ కంఠతా వచ్చు. ఇరవై ఏళ్లుగా భుజాన గాజుల మలారం వేసుకుని ఆ ఊళ్లే తిరుగుతోంది. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మవారు పోసి తల్లినీ తండ్రినీ ఒకే వారంలో తీసుకుపోయింది. ఆమెను మాత్రం ముఖమంతా గుంటలు చేసి వదిలిపెట్టింది. ఆ ముఖాన్ని చూసి సంబంధాలు రాకపోతే ఈడు మీరిన తాజుద్దీన్ చేసుకున్నాడు. నాలుగేళ్లకే అతనూ పోయాడు. పిల్లలు లేరు.

యూనియన్ సైన్యం వచ్చిన ఏడు, రజాకార్లు చేసినదానికి వాళ్లతో ఏ సంబంధమూ లేని తురక ఇళ్లవాళ్లు కూడా దెబ్బలు తిన్నారు. అప్పుడు పక్కింటి యాకయ్య ఆమెను తన ఇంట్లో, వడ్ల గుమ్ముల వెనక, నలభై రోజులు దాచాడు. ఆ చీకటి గదిలోనే ఒకరోజు ఆమె కుడి రొమ్ములో రేగు గింజంత గట్టిది చేతికి తగిలింది. తల దాచుకోవడమే గగనమైన రోజులు. దాని సంగతి ఎవరితో చెప్పుకుంటుంది?

ఏడాది గడిచేసరికి అది నిమ్మకాయంత అయింది. పైన తోలు లోపలికి గుంజుకుంది. యాకయ్య కూతురు చంద్రమ్మ పురిటికి పుట్టింటికొచ్చి, తనకు స్నానం చేయించబోయిన జోహరాబీ కొంగు జారినప్పుడు ఆ గడ్డను చూసి ఊరుకోలేదు. తండ్రిని పోరుపెట్టి బండి కట్టించింది. మిషన్ దవాఖానలో దొరసాని డాక్టరు రొమ్ము మొత్తం కోసి తీసేసింది. కట్టు మార్చే నర్సు మరియమ్మ విషయం దాచకుండా చెప్పింది.

"గిది రాచపుండు అవ్వా. కోసినం గని వేర్లు మిగిలి ఉంటయి. పట్నం పెద్ద దవాఖానల కిరణాలు పెడ్తరు. ఉగాది పోయినంక వచ్చే సోమవారం నీకు తారీఖు ఇచ్చిన్రు. ఈ కాయితం పోగొట్టుకోకు. తారీఖు దాటనియ్యకు."

జోహరాబీ ఆ కాయితాన్ని గాజుల డబ్బా అడుగున పెట్టింది.

ఉగాదికి పది రోజుల ముందు ఊళ్లో అమ్మవారు పోసింది. ముందు కుమ్మరి ఇంట్లో ఇద్దరికి, తర్వాత వరసగా ఆరిళ్లలో. గడపలకు వేపమండలు కట్టారు, కూరలో పోపు మానేశారు. బయ్యారం అడవుల్లో కమ్యూనిస్టు దళాలు తిరుగుతున్నాయని అప్పటికే ఊరి చివర మిలిటరీ క్యాంపు ఉంది. రోగం సంగతి తెలియగానే క్యాంపు ఆఫీసరు ఊరి దారి మూసేశాడు. చిట్టీ లేనిదే ఎవరూ కదలకూడదు. టీకాలు వేసేవాళ్లు వస్తే జనం చేలలోకి పరిగెత్తారు. సర్కారు మనిషి చేతిలో సూది చూస్తే వాళ్లకు క్యాంపే గుర్తొచ్చింది.

ఆ వారమే చంద్రమ్మకు జ్వరం వచ్చింది. మూడోనాటికి ముఖం మీద బొబ్బలు లేచాయి. పక్కలో మూడు నెలల పసిపిల్ల. తల్లి ఎప్పుడో చనిపోయింది. బయ్యారంలోని అత్తగారింటి నుంచి ఒక్కరూ రాలేదు. యాకయ్యకు చిన్నప్పుడు అమ్మవారు పోయలేదు గనక గడప దాటి లోపలికి రావద్దని జోహరాబీయే కట్టడి చేసింది.

"నాకు ఒకపాలి పోసింది, మళ్ల రాదు. నేను సూసుకుంట. నువ్వు పిల్లను తీస్కొని కొట్టంల పండు," అంది.

కోసిన వైపు చెయ్యి ఇంకా భుజం దాటి లేవడం లేదు. ఎడం చేత్తోనే నీళ్లు తోడింది, జావ కాచింది, అరటాకు పరిచి చంద్రమ్మను దాని మీద పడుకోబెట్టింది. గోక్కోకుండా చేతులకు గుడ్డలు చుట్టింది. కొట్టంలో ఏడ్చే పసిదానికి మేకపాలు కాచి, తను చేతులు కడుక్కుని, గిన్నె గడప అవతల పెట్టేది. తండ్రి దూదివత్తితో పట్టించేవాడు.

సోమవారం ఇంకా రెండు రోజులుందనగా యాకయ్య గడప బయట కూర్చుని అడిగాడు.

"అక్కా, దవాఖాన తారీఖు దగ్గరికొచ్చింది. నువ్వు పో. నేను లోపల్కి వస్త. వస్తే రానియ్యి నాగ్గూడ."

"నువ్వు పడితే నిన్నెవలు సూస్తరు తమ్మీ? పిల్లనెవలు సూస్తరు?"

"నీ పుండో?"

"ఏడాదిన్నర ఊకున్నది. ఇంకో వారం ఊకుంటది."

అలా అందేగానీ ఆమెకు భయం లేక కాదు. మరియమ్మ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. సోమవారం పొద్దున మనుకోట స్టేషను వైపు రైలు కూత వినిపించినట్టే అనిపించింది. అంత దూరం కూత వినబడదని ఆమెకు తెలుసు. కట్టు విప్పి పుండును అద్దంలో చూసుకుంది, మళ్లీ కట్టుకుంది, జావ గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

మళ్లీ టీకావాళ్లు వచ్చినప్పుడు ఆమె చావడి ముందు నిలబడి ఆడవాళ్లను పిలిచింది. గాజులేసిన చేతులన్నీ ఆమెకు పేరుపేరునా తెలుసు.

"నా మొఖం సూడుండ్రి. మా అవ్వ సూది వద్దన్నది. గందుకే నాకు గిట్లయింది, ఆమె మట్టిల కలిసింది. మీ పిల్లలకు గిట్ల గావాల్నా?"

ముందు ఇద్దరు చేతులు చాపారు. సాయంత్రానికి నలభైమంది అయ్యారు. యాకయ్యా, పసిపిల్లా అందులో ఉన్నారు. అప్పటికే ఊళ్లో తొమ్మిదిమంది పోయారు. చంద్రమ్మ బతికింది. ఎడం కన్ను మాత్రం పోయింది.

తారీఖు దాటిన పన్నెండో రోజున జోహరాబీ బయల్దేరింది. క్యాంపు దగ్గర జమేదారు ఆపి, ఛాతీ మీది కట్టు చూసి అనుమానపడ్డాడు. అందులో దళానికి చీటీలు మోస్తున్నావా అని హిందీలో గద్దించాడు. ఆమె ఉర్దూలోనే జవాబు చెప్పింది.

"పుండు ఉంది సాబ్. చూడాలంటే మీ ఆడమనిషిని పిలవండి."

క్యాంపులో ఆడమనిషి లేదు. అతను చిట్టీ రాసిచ్చాడు.

జనగామలో రైలు ఆగగానే ఆరోగ్యశాఖ మనుషులు పెట్టెలోకి ఎక్కారు. రోగం ఉన్న ఊళ్లవాళ్లలో జబ్బ మీద టీకా మచ్చ లేనివాళ్లను దింపేస్తున్నారు. ఆమె జబ్బ మీద మచ్చ లేదు. కొంగు తీసి ముఖం చూపించింది. యాభై ఏళ్లుగా పరాయి మగవాళ్ల ముందు దాచుకున్న ముఖం. ఆ మనిషి ఒక్క క్షణం చూసి, "నువ్వు కూసో అవ్వా," అని ముందుకు పోయాడు.

పట్నం దవాఖానలో గుమాస్తా అంత తేలిగ్గా వినలేదు. తారీఖు దాటింది, పైగా రోగం ఊరి నుంచి వచ్చింది, బట్టలతో అంటుకొస్తుందన్నాడు. మూడు రోజులు వరండా చివర ఉంచారు. బట్టలన్నీ ఉడకబెట్టి ఆరేసుకుంది. నాలుగో రోజు పెద్ద డాక్టరు పిలిచి, ఎందుకు ఆలస్యమైందని అడిగాడు.

"ఇంట్ల పిల్లకు అమ్మవారు పోసింది సార్."

"నీ కూతురా?"

"ఔ," అంది జోహరాబీ.

ఆలస్యం వల్ల ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఐదు వారాలు కిరణాలు పెట్టారు. ఛాతీ మీద చర్మం కమిలి నల్లబడింది, ముద్ద మింగితే గొంతు మండింది. పక్క మంచాలవాళ్లు ఆమె గుంటల ముఖం చూసి మొదట దూరం జరిగారు. రెండో వారానికి వాళ్ల తలలు ఆమే దువ్వుతోంది, ఎడం చేత్తో.

తొలకరి పడ్డాక ఊరికి తిరిగొచ్చింది. ఆ మరుసటి ఏడు దళాల పోరాటం ఆగింది, క్యాంపు ఎత్తేశారు. ఆమె మలారం చిన్నది చేసుకుని మళ్లీ ఊళ్లు తిరిగింది. చంద్రమ్మను అత్తగారింటివాళ్లు ఒంటికన్నుదని తీసుకుపోలేదు. గాజులు ఎక్కించడం జోహరాబీ దగ్గరే నేర్చుకుంది.

ఆరేళ్ల తర్వాత రాచపుండు వెన్నులో తేలింది. ఈసారి దవాఖానలో మందు లేదన్నారు. చంద్రమ్మ ఆమెను తన ఇంట్లోనే, వడ్ల గుమ్ములున్న అదే అర్రలో పడుకోబెట్టుకుని చూసుకుంది. ఒకరోజు ఒళ్లు తుడుస్తూ, ఇన్నేళ్లు లోపల దాచుకున్న మాట అడిగింది.

"అత్తా, నువ్వు ఆ తారీఖుకు పోతే గిది మళ్ల రాకపోవునేమో కదా?"

అబద్ధం చెప్పడం జోహరాబీకి ఇష్టం లేదు.

"ఏమో బిడ్డా. డాక్టర్‌కే తెల్వదు, నాకెట్ల తెలుస్తది. జర తల ఎత్తు పెట్టు, ఊపిరాడతలేదు."

చంద్రమ్మ ఆమె తలను తన ఒడిలోకి తీసుకుంది.