పందులు తవ్విన ఫైబరు

నేను ఎం.బీ.ఏ. చదివేటప్పుడు కంపెనీల విలీనాలు, కొనుగోళ్ళు అని ఒక పేపరు ఉండేది. అందులో పాసయ్యాను. ఎలా పాసయ్యానన్నది మా లెక్చరర్‌కీ నాకూ ఆశ్చర్యమే కాబట్టి ఆ సంగతి మేం మళ్ళీ ఎత్తలేదు. ఆ చదువు నాకు అక్కరకొచ్చింది ఒక్కసారే, అదీ ఏన్కూరులో, మా బాబాయి డాబా మీద, కోళ్ళ గంప పక్కన.

బాబాయి కేబుల్ ఆపరేటరు. డాబా మీది గదే కంట్రోల్ రూము. ఆయన లోకల్ ఛానెల్లో పొద్దంతా సినిమా పాటలు వచ్చేవి. సాయంత్రం ఆయనే మైకు ముందు కూర్చుని ప్రకటనలు చదివేవాడు. తప్పిపోయిన బర్రె, రేపు కరెంటు ఉండని వీధులు, వానాకాలమైతే భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులకు చేరిందీ. గోదావరి ఏన్కూరుకు రాదు. కానీ ఊరి ఆడపిల్లల్ని అటువైపు చాలామందిని ఇచ్చారు కాబట్టి, ఆ అంకె వినేదాకా ఎవరూ అన్నం కలిపేవాళ్ళు కాదు.

తల్లాడ వైపు కేబుల్ ఇంకొకాయనది. బాబాయికి వరసకు బావ. వరస ఉంది కాబట్టి ఇద్దరూ మర్యాదగానే ఒకరి వైర్లు ఒకరు కోసుకునేవాళ్ళు.

"ఏంది బావా, మా వైరు తెగింది?" అని ఈయన ఫోన్ చేసేవాడు.

"గాలొచ్చింది గద బావా."

"గాలి కటింగ్ ప్లేయర్ పట్టుకొని వచ్చిందా?"

"మీ దిక్కు గాలి జర చదువుకున్నదేమో మరి."

మా పుస్తకాల్లో దీన్ని ఆరోగ్యకరమైన పోటీ అన్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ఊళ్ళో ఎవరైనా పోతే రెండు ఛానెళ్ళలోనూ పాటలు ఆగిపోయేవి. పోయినవాళ్ళ ఫొటో ఒకటి తెర నిండా ఉండేది, చప్పుడు లేకుండా. పాడె లేచేదాకా అంతే. గుడికి పోయే ఇల్లయినా, చర్చికి పోయే ఇల్లయినా, అడవి అంచు గూడెమయినా అదే పద్ధతి. చావింట్లో టీవీ ఎలాగూ కట్టేస్తారు. కానీ పక్కింటి టీవీ, ఎదురుగా టీ కొట్టు టీవీ మోగుతూనే ఉంటాయి కదా, అందుకు. ఇద్దరూ పోలీసు స్టేషన్‌లో ఒకరి మీద ఒకరు ఫిర్యాదు ఇచ్చుకున్న రోజుల్లో కూడా ఆ ఫోను మాత్రం వచ్చేది. "బావా, మా దిక్కు ఒక ముసలాయన పోయిండు." "అయ్యో. సరే, ఆపుతున్న." అంతే, పెట్టేసేవాళ్ళు.

కాలం మారింది. జనం ఫోన్లలో పాటలు చూసుకోవడం మొదలుపెట్టారు. కనెక్షన్లు తగ్గాయి, బాబాయి మోకాళ్ళు స్తంభాలెక్కడం మానేశాయి. అప్పుడు హైదరాబాదు నుంచి ఒక వినోద సంస్థ వచ్చింది. దాన్ని అంతకుముందే బొంబాయి సంస్థ ఒకటి కొనేసింది. ఆ బొంబాయి సంస్థను కూడా ఎవరో కొంటున్నారని పేపర్లో వచ్చింది. అలా కిందికి కొనుక్కుంటూ వస్తే చివర్న ఏన్కూరు ఉంది. షరతు ఒక్కటే: బావలిద్దరూ ముందు ఒకటైతేనే కొంటారు.

ఆ కబురు తెలియగానే టీ కొట్టు దగ్గర బాబాయిని పట్టుకున్నారు. "అమ్ముకుంటున్నవంట? రేపు మా ఇంట్ల ఎవరన్నా పోతే గూడ మీ కంపెనీవోళ్ళు డ్యాన్సులు ఏస్తరా?"

"ఏందిరా ఆ మాట. నేనుండంగ గట్ల కాదు" అన్నాడు బాబాయి. అందరి ముందూ అన్నాడు. అమ్మి వెళ్ళిపోయే మనిషి కాదాయన. అదే వీధిలో ఉండాలి, అదే కొట్లో టీ తాగాలి.

ఒప్పందం రోజు తల్లాడ బావ కూడా డాబా మీదికి వచ్చాడు. నేను కాగితాలు చదివి చెప్పాలి. కంపెనీ అధికారి కుర్రవాడే, మంచివాడు, కోళ్ళు బూట్లు పొడుస్తున్నా ఏమీ అనలేదు. ఇకనుంచి పాటలన్నీ హైదరాబాదు నుంచి ఫైబరు మీద వస్తాయన్నాడు. సాయంత్రం ప్రకటనలు బాబాయే చదవొచ్చు. చావు ఫొటోలు కూడా వేయొచ్చు, కాకపోతే రెండు రోజుల ముందు పంపాలి.

"ఏం పంపాలె సారూ?" అన్నాడు బాబాయి.

"ఫొటో, పేరు, వివరాలు. చనిపోయిన వారివి."

"రెండు రోజుల ముందు ఆయన బతికే ఉంటడు గద."

అధికారి ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. "అర్జెంట్ కేటగిరీలో పెడితే సాయంత్రానికల్లా అప్రూవల్ వస్తుంది."

"అప్పటికి ఎత్తేస్తరు" అన్నాడు బావ.

"పోనీ, పాట ఆపకుండా కింద మూలకి ఫొటో వేద్దాం సార్. గౌరవప్రదమైన సైజులోనే."

"పైన హీరోయిన్ ఎగురుతుంటే ఈయన మూలకు కూసొని చూడాల్నా?" అన్నాడు బావ. అధికారి కాగితం వైపు చూశాడు.

బాబాయి నన్నడిగాడు. "అసలు పాట ఎప్పుడు ఆగొచ్చంట?"

చదివాను. ఫైబరు తెగితే ఆగొచ్చు. అటవీ ప్రాంతం కాబట్టి జంతువుల వల్ల తెగినా ఆపరేటరు బాధ్యత కాదు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"జంతువులంటే ఏమేం?"

"పేర్లు రాయలేదు బాబాయ్."

"మంచిగ రాసిన్రు" అన్నాడు. బావ కూడా అవ్ అన్నట్టు తలూపాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. వాళ్ళు ఒక మాట మీదికి రావడం చూసి అధికారి సంతోషించాడు. నేనూ సంతోషించాను. ఎందుకో తెలియకుండా సంతోషించింది మాత్రం మేమిద్దరమే.

నెల తిరగకముందే చర్చి వీధిలో ఒక పెద్దమ్మ పోయింది. బొమ్మ సరిగా రావడంలేదని బాబాయిని రోజూ తిట్టే మనిషి. టెంటు వేశారు, కుర్చీలు వేశారు. ఎదుటి కొట్లో టీవీలో ఒకమ్మాయి నీటి ఫౌంటెను కింద ఎగురుతోంది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు టీవీ వైపు చూడలేదు. బాబాయి వైపు చూశారు. ఎవరైనా ఒక మాట అంటే బాగుండేది.

ఆయన లేచి ఇంటికొచ్చాడు. మోకాళ్ళు పట్టుకుని డాబా ఎక్కి, హైదరాబాదు నుంచి వచ్చే వైరు పిన్ను పీకేశాడు. పాత ల్యాప్‌టాప్ తగిలించి పెద్దమ్మ ఫొటో పెట్టాడు. తర్వాత తల్లాడకు ఫోన్.

"బావా, మా దిక్కు పందులు పడ్డయ్."

"అయ్యో. ఎవరి పంది?"

"చర్చి కాడ పెద్దమ్మ."

"సరే. నాకాడ గూడ పడ్డట్టే."

కంపెనీకి ఫోన్ చేసి చెప్పే పని నాకొచ్చింది. అడవిపందులు నేల తవ్వి ఫైబరు తెంపాయని ఇంగ్లీషులో చెప్పాను. నా చదువు వృథా పోలేదు.

ఆ ఏడాది పందులు చాలాసార్లు పడ్డాయి. చివరికి కంపెనీ ఒక ఇంజినీరును పంపింది, తెగిన చోటు చూసి రమ్మని. ఆయన దిగిన రోజునే అడవి దారిలో ఇల్లున్న ఒక రైతు పోయాడు. బావలిద్దరూ ఒకే బండి మీద ముందు, ఇంజినీరు నా బండి మీద వెనక. తెగిన చోటు లేదు కాబట్టి ఎక్కడికి తీసుకుపోతున్నామో మాకూ తెలియదు. ఆ రైతు ఇంటి ముందు నుంచే దారి. చావింటి ముందు నుంచి బండి మీద దూసుకుపోకూడదు కాబట్టి దిగాం. ఎవరో ఇంజినీరుకు కుర్చీ వేశారు. ఆయన కూర్చున్నాడు.

పక్కింటి అరుగు మీద టీవీ ఉంది. అందులో ఆ రైతు ఫొటో, చప్పుడు లేదు. పక్కింటివాళ్ళు దాని ముందే కూర్చుని ఉన్నారు. ఇంజినీరు ఆ తెరను చూశాడు, టెంటును చూశాడు, బాబాయిని చూశాడు. బాబాయి తన మోకాళ్ళను చూసుకుంటున్నాడు. ఆయన మాట, ఆయన ఛానెలు, ఆ వీధిలో ఆయన తల, అన్నీ ఇప్పుడు ఇంజినీరు నోట్లోంచి వచ్చే మాట మీదున్నాయి.

ఇంజినీరు మెల్లగా అడిగాడు. "సిగ్నల్ మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"లేచినంక సార్" అన్నాడు బావ.

"పందులు మళ్ళీ ఎప్పుడొస్తాయో చెప్పగలరా?"

"చెప్పి రావు సార్" అన్నాడు బాబాయి.

ఇంజినీరు తలూపాడు. ఫోను తీసి సైలెంటులో పెట్టుకుని, పాడె లేచేదాకా కూర్చున్నాడు. తెగిన చోటు చూపించమని అడగలేదు. పందుల బెడద నిజమేనని, దాన్ని ఎవరూ ఆపలేరని రాసి పంపాడట.

కంపెనీ మాత్రం ఊరుకోలేదు. పందులు పారిపోయే మందు డబ్బాలు లారీలో వేసి పంపింది. మొక్కజొన్న వేసిన తన చుట్టాలకు సగం కావాలన్నాడు బావ. ఫైబరు ఎక్కువ తెగింది తన వైపే కాబట్టి డబ్బాలన్నీ తనవే అన్నాడు బాబాయి. విలీనం తర్వాత వాళ్ళ మొదటి తగువు అదే. డాబా కింద నిలబడి వింటుంటే నాకు మనసు కుదుటపడింది.