పొయ్యి పక్కన పసుపు పెట్టె

మా పనిలో దాన్ని కెమెరా అంటాం. పైపుల వెల్డింగు లోపల పగులేమైనా ఉందేమోనని రేడియేషన్‌తో ఫిల్ము తీసే పెట్టె అది. చూడ్డానికి పిడి ఉన్న పసుపు ఇనప పెట్టె, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. లోపల చిటికెన వేలి గోరంత రేడియోధార్మిక పదార్థం. దాన్ని బండిలో వదిలేసి ఎక్కడికీ పోకూడదనేది మాకు నేర్పే మొదటి పాఠం. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేది కూడా నేనే.

ఆ ఉదయం పూడిమడక వైపు పని ముగించుకుని వస్తూ అనకాపల్లిలో టిఫినుకి ఆగాం.

"నువ్వు తినేసి రా బావా, నేను బండి కాడుంటాను," అన్నాడు మా జీపు డ్రైవరు.

"పట్టపగలు ఎవడెత్తుకుపోతాడు బావా, రా," అని చెయ్యి పట్టి లాక్కెళ్ళింది నేనే. పెసరట్టు బాగుందని రెండోది కూడా చెప్పాను. తిరిగొచ్చేసరికి జీపు వెనక తలుపు తాళం విరిగి ఉంది. పెట్టె లేదు.

పోలీసులకి చెప్పాం. చుట్టుపక్కల ఊళ్ళలో ఆటోకి మైకు కట్టి చెప్పించే పని నా మీద పడింది. చదవాల్సిన కాగితం నేనే రాశాను: ఖరీదైన కెమెరా పోయింది, దొరికినవారు దయచేసి పోలీసు స్టేషన్లో ఇవ్వగలరు. రేడియేషన్ అన్న మాట ముందు రాసి, తర్వాత కొట్టేశాను. జనం హడలిపోతారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, ఊరంతా గోలయితే నా ఉద్యోగం ఊడుతుందని భయం.

డ్రైవరు ఆ కాగితం చదివి, "కెమెరా అంటే మనకి తెలుత్తాది బావా, ఆళ్ళకేటి తెలుత్తాది?" అన్నాడు. నీకెందుకని కసిరాను.

రెండు రోజులు ఆటో తిరిగింది. ఎవరి పెళ్ళిలో పోయిందని అడిగినవాళ్ళున్నారు గానీ పెట్టె ఆచూకీ లేదు. మూడో రోజు పెద్ద అధికారులు దిగారు. నా కాగితం చదివి ఒకాయన చించి పారేశాడు. కొత్త కాగితం రాయించారు: పసుపు రంగు ఇనప పెట్టె, మీద మూడు రెక్కల గుర్తు, లోపల ప్రమాదకరమైన రేడియేషన్, కనిపిస్తే ముట్టుకోవద్దు. మైకు మొదలైన అరగంటకే కె. కోటపాడు దగ్గర ఊరి నుంచి ఫోను వచ్చింది.

దొంగలెవరో, దాన్ని తెరవడం చేతకాక చెరకు తోట గట్టున పారేసి పోయారు. పొలానికి వెళ్ళిన రైతు ఇంటికి మోసుకొచ్చాడు. మేం వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాం బిక్కచచ్చి వీధిలో నిలబడి ఉన్నారు. నేను రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని లోపలికి వెళ్ళాను. పెట్టె పొయ్యి పక్కన ఉంది. తాళం చెక్కుచెదరలేదు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు కనిపించింది, దాని మీద మడతపెట్టి పరిచిన గోనెసంచి.

బయటికొచ్చి అడిగాను. రైతు భార్యకి ఏడో నెల. "కింద కూకుంటే లెగలేకపోతన్నాను బాబూ. పీటకన్నా ఎత్తుగుందని దాని మీదే కూకొని వండుతన్నాను," అంది.

తాళం వేసి ఉన్నా ఆ పెట్టెలోంచి కొంత రేడియేషన్ బయటికి వస్తూనే ఉంటుంది. ఎడంగా ఉంటే పర్వాలేదు, ఒళ్ళు ఆనించి గంటలు గంటలు కూర్చోకూడదు. పూటకెంతసేపు కూర్చుందో అడిగి రాసుకుని, ఆమెని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆసుపత్రిలో బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందనీ, మిగతాది పుట్టాక చూడాలనీ అన్నారు. ఆడపిల్ల పుట్టిందనీ, బాగానే ఉందనీ తర్వాత విన్నాను. చూడ్డానికి మాత్రం వెళ్ళలేకపోయాను. ఆ రోజు ఆసుపత్రి వరండాలో జరిగిందే దానికి కారణం.

ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. "మొదట్రోజు మైకు ఇన్నాను బాబూ. దాని మీద కూకునే ఇన్నాను. కెమెరా అన్నారు, మనకేటిలే అనుకున్నాను. పెమాదమని ఆ రోజే సెప్పలేదేటి?"

డ్రైవరు పక్కనే ఉన్నాడు.

"అప్పటికి మాకూ తెలీదమ్మా," అన్నాను.

"పోన్లే బాబూ, తెలీకపోతే నువ్వు మాత్రం ఏటి సేత్తావు," అని ఆమె నన్నే ఓదార్చింది.