నడుమెత్తులో కెమెరా

ఆ పిల్ల చెయ్యి ఎంత వేగంగా తిరిగేదంటే, ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు కూడా ఏం చూశారో చెప్పలేకపోయేవాళ్ళు. గొడవంతా అక్కడే వచ్చింది.

డెబ్భైల మధ్యలో సంగతి. నేను కాలవల డిపార్టుమెంటులో చైన్‌మన్‌ని. సర్వేకి వెళ్తే గొలుసు లాగాలి, అంకెల కర్ర పట్టుకుని ఎండలో నిలబడాలి, లెవెల్ స్టాండు భుజాన మొయ్యాలి. లెవెల్ దుర్భిణీలోకి చూసేది మాత్రం ఓవర్సీరు. ఆయన టీకి వెళ్ళినప్పుడు నేను దొంగచాటుగా కన్ను పెట్టేవాణ్ణి. ఒకసారి దొరికిపోయాను. "గొలుసు లాగేవాడికి దుర్భిణీ దేనికిరా?" అన్నాడు. నేను అయిదో తరగతి దాటలేదు, నిజమే. కాని ఆ దుర్భిణీలో లోకం తలకిందులుగా కనపడుతుందనీ, అంకెలు అలాగే చదువుకోవాలనీ నాకెవరూ చెప్పలేదు, నేనే నేర్చుకున్నాను. ఆ 'దేనికిరా' ఇవాళ్టికీ నాకు మండుతూనే ఉంది.

పిల్ల మా లస్కరు కూతురు. కంకిపాడు అవతల కాలవ లాకు దగ్గర నీటి తలుపులు ఎత్తి దించడం అతని పని. పడవ లాకులోకి వచ్చేటప్పుడు గోడ మీంచి పడవవాడికి తాడు అందించాలి. పైనుంచి గిరవాటేస్తే తాడు చుట్టుకుపోయి నీళ్ళలో పడుతుంది. చెయ్యి నిండా ఒక చుట్టు తిప్పి, కిందకి వచ్చాక తొడ పక్కన వదలాలి. అప్పుడు తాడు కొస పాములా సూటిగా వెళ్తుంది. తండ్రికి భుజం పట్టేసిన దగ్గర్నుంచీ ఆ పని పిల్లే చేసేది.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింట్లో నాకు భోజనం. ఆ పిల్ల నన్ను బాబాయ్ అనేది.

పిల్ల చదివే పటమట సిస్టర్ల బళ్ళో ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ నేర్పుతున్నారు. బంతి విసిరే పని ఈ పిల్లకిచ్చారు. తాడు విసిరినట్టే విసిరింది. అవతలి పిల్ల బ్యాటు ఊపేసరికే బంతి వెళ్ళి వెనకాల పట్టుకునే పిల్ల చేతి తొడుగులో పడి ఉండేది.

ఒక పోటీలో అంపైరుగా వేరే బడి డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఆరడుగుల మనిషి. "బంతి నడుం కింద వదలాలమ్మా. నువ్వు పైన వదులుతున్నావ్," అని ఒకదాని తర్వాత ఒకటి తప్పు బంతులు ఇచ్చారు. సిస్టర్ల బడి ఓడిపోయింది. అంతటితో పోలేదు. జిల్లా జట్టు ఎంపిక నాలుగు వారాల్లో ఉంది, ఎంచేవాళ్ళలో ఆయనే పెద్ద. "విసురుడు మార్చుకుంటేనే పంపండి," అని సిస్టరుగారికి చెప్పి వెళ్ళారు.

మార్చుకుని చూసింది పాపం. బంతి నీరసంగా వెళ్ళింది, చిన్నపిల్లలు కూడా కొట్టారు.

"నేను కిందే వదులుతున్నా బాబాయ్. నా చేతికి తెలీదా?"

"నీ చేతికి తెలుసే తల్లీ. ఆయన కంటికి తెలియాలిగా!"

బడి పక్కన స్టూడియో నడిపే సాయిబుగారు నా స్నేహితుడు. నేను భాయ్ అనేవాణ్ణి. తన పెద్ద కెమెరా తెచ్చి మూడు ఫొటోలు తీశాడు. ఒకదాంట్లో చెయ్యి ఇంకా కదల్లేదు. ఇంకోదాంట్లో బంతి ఎప్పుడో వెళ్ళిపోయింది. మూడోదాంట్లో పిల్ల జడ సర్దుకుంటోంది.

"ఇది పెళ్ళికొడుకుల కెమెరా అన్నా. కదలకుండా కూర్చునేవాళ్ళకే పనికొస్తుంది," అన్నాడు.

అప్పుడు సిస్టరుగారు బీరువాలోంచి ఒక సినిమా కెమెరా తీశారు. విదేశాల నించి ఎవరో పంపింది. సబ్బుపెట్టంత ఉంది, గడియారంలా కీ ఇవ్వాలి. భాయ్ దాని పక్కనున్న అంకెలు చదివాడు. అన్నిటికంటే వేగం మీద పెడితే సెకనుకి అరవైనాలుగు బొమ్మలట. కాని ఉన్నది ఒకటే రీలు, ఆ వేగంలో నిమిషానికే అయిపోతుంది.

"మేడ మీద వరండాలో పెట్టండి, గ్రౌండంతా వస్తుంది," అన్నారు సిస్టరుగారు. "బ్యాటు వెనకాల పెడదాం, సినిమాలో లాగా," అన్నాడు భాయ్.

"రెండూ కాదండీ," అన్నాను. పైనుంచి చూస్తే ఏది ఎంత ఎత్తులో ఉందో తెలీదు. ఆ పొడుగాయన పొరపాటూ అదే. కాలవ గట్టు ఎత్తు కొలవాలంటే దుర్భిణీ సమమట్టంలో ఉండాలి. నడుం సంగతి తేలాలంటే కెమెరా నడుమెత్తులో, సరిగ్గా పక్కనుంచి చూడాలి. ఈ మాట చెప్పడానికి ఏ కాలేజీ కావాలండీ?

శనివారం సాయంత్రం ఆఫీసు తాళాలు నా దగ్గరుంటాయి. లెవెల్ స్టాండు భుజానేసుకుని పటమట పట్టుకొచ్చాను. దాని మర పెద్దది, కెమెరా బెజ్జం చిన్నది. మధ్యన టేకు దిమ్మ చెక్కి, బోల్టు బిగించాను. గొలుసుతో మూడు, నాలుగు, అయిదు కొలిచి మూల మట్టం పట్టాను. పిల్ల బంతి విసిరే గీతకి కెమెరా సరిగ్గా అడ్డంగా వచ్చింది. తాపీమేస్త్రీల నీళ్ళ గొట్టంతో ఆమె నడుం ఎత్తుకి కెమెరా కన్ను తెచ్చాను. ఆమె వెనకాల వెదురుకి తూకం గుండు వేలాడదీశాను, బొమ్మ పక్కకి ఒరగలేదని ఆ దారం సాక్ష్యం చెప్పాలని. స్టాండు కాళ్ళు నల్లమట్టిలోకి తొక్కి, "ఊఁ, కానీవే" అన్నాను.

ఆమె చెయ్యి కదలగానే నొక్కడం, బంతి పోగానే వదలడం. నొక్కినప్పుడల్లా కీ తిరిగి అది కీచుమంది.

అసలైతే ఆ రీలు కడగడానికి బొంబాయి పంపాలి. వచ్చేసరికి ఎంపిక అయిపోతుంది. భాయ్ చెక్క పీపాకి ఫిల్ము చుట్టి తన చీకటిగదిలోనే కడిగాడు. తను కడిగితే నెగిటివే వస్తుందని ముందే చెప్పాడు. ఆరాక, ఫొటోలు పెద్దవి చేసే యంత్రంలో పెట్టి దీపం వేశాడు. కింద తెల్లకాగితం మీద బొమ్మ పడింది.

తలకిందులుగా ఉంది. భాయ్ తిప్పబోయాడు. "ఉండనీ భాయ్, నాకు అలవాటే," అన్నాను. పిల్ల జడ ముసలమ్మ జడలా తెల్లగా ఉంది. మొహం నల్లగా ఉంది. బంతి బొగ్గుముక్కలా ఉంది. భాయ్ ఫిల్మును వేలితో ఒక్కో బొమ్మ జరిపాడు. చెయ్యి మోకాలి దగ్గర. ఛాతీ ముందు. నెత్తిమీద నిటారుగా. వీపు వెనకాల. కిందకి, ఇంకా కిందకి. తొడ పక్కన వేళ్ళు విచ్చుకున్నాయి. తర్వాత బొమ్మలో వేళ్ళకీ బంతికీ మధ్య గోరంత వెలుతురు.

నడుం కిందే. జానెడు కింద.

కాని అప్పుడు నాకు నడుం సంగతే గుర్తురాలేదు. అర సెకనులో అయిపోయే పనిలో ముప్ఫై బొమ్మలున్నాయి. ప్రతిదాంట్లో ఆ పిల్ల ఒక్కో రకంగా నిలబడి ఉంది, వాటిలో ఏ ఒక్కదాన్నీ అంతకుముందు లోకంలో ఎవరూ చూసి ఉండరు. ఎన్నేళ్ళు ఆ లాకు గోడ మీద ఆమె తాడు విసరడం చూశాను నేను! ఏమీ చూడలేదన్నమాట. భాయ్ "సుభానల్లా" అన్నాడు. నేను మళ్ళీ మొదటినుంచీ జరపమన్నాను.

ముప్ఫై బొమ్మలూ అచ్చువేసి అట్టమీద వరసగా అంటించాం. పిల్ల చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఛీ! అన్నిట్లోనూ నాలిక బయటపెట్టాను. తల కత్తిరించెయ్యి బాబాయ్."

"కత్తిరిస్తే ఆయన నమ్మడు."

కత్తిరించకపోయినా నమ్మలేదు. ఎంపిక రోజున అదే గ్రౌండులో అట్ట చూసి మాస్టారు, "స్టూడియోవాళ్ళు పోయిన మొగుణ్ణి కూడా పెళ్ళాం పక్కన కూర్చోబెడతారు," అన్నారు. భాయ్ తల దించుకున్నాడు. అలాంటివి తను బోలెడు చేశాడు. తర్వాత మాస్టారు అట్టని కళ్ళ దగ్గరగా పెట్టుకుని, "ఈ దారం ఏంటి?" అన్నారు.

"తూకం గుండండీ. కెమెరా ఒరగలేదని."

"నువ్వు ఇంజనీరువా?"

"చైన్‌మన్నండీ."

మాస్టారు అట్ట దించారు. "ఎక్కడ పెట్టావ్?"

స్టాండు కాళ్ళ గుంటలు నల్లమట్టిలో ఎండి మూడూ అలాగే ఉన్నాయి. చూపించాను. ఆ ఆరడుగుల మనిషి తెల్లప్యాంటుతో వాటి మధ్య మోకాళ్ళమీద కూర్చుని, "విసరమ్మా," అన్నారు.

పిల్లకి ఫొటోల సిగ్గు. పెదాలు బిగించి విసిరింది. బంతి వంకరగా ఎటో పోయింది. మాస్టారు నా వైపు చూశారు. నాకు ఒళ్ళు మండింది.

"నాలిక బయటపెట్టవే!" అని అరిచాను.

గ్రౌండంతా నవ్వింది. పిల్ల కూడా నవ్వి, నాలిక బయటపెట్టి చెయ్యి తిప్పింది. తొడుగులో ఠప్పుమంది. "ఇంకోటి," అన్నారు మాస్టారు. ఇంకోటి. ఇంకోటి. ఎన్నయ్యాయో గాని ఆయన లేవలేదు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. చీకటిగదిలో నా నోరూ అలాగే ఉండి ఉంటుంది. తర్వాత కమిటీలోని మిగతా ఇద్దర్నీ కేకేశారు.

"మీరూ రండయ్యా. నిలబడి కాదు, ఇలా కూర్చుని చూడండి."

ముగ్గురూ ఆ గుంటల దగ్గర వరసగా మోకరిల్లారు. ఆ పిల్ల ఇంకో బంతి అందుకుంది.