అద్దానికి అంటిన తెల్లరంగు

2022 ఎండాకాలం. మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీది ఫ్రేముల దుకాణంలో చేరి అప్పటికి నాకు ఏడాది. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, ఫామ్‌హౌస్ గోడలకు పెద్ద పెద్ద ప్రింట్లు, ఇవే మా పని. చేత్తో వేసిన బొమ్మ రావడం అరుదు.

ముడిమ్యాల నుంచి రాహేలు అనే డ్రాయింగ్ టీచర్ ఒక ఆయిల్ పెయింటింగ్ తెచ్చారు. అందులో కిటికీ పక్కన కూర్చుని వాళ్లమ్మ, చర్చికి వేసుకెళ్లే తెల్లచొక్కాకు గుండీ కుడుతోంది. దగ్గరగా చూస్తే అన్నీ మందపాటి రంగు ముద్దలే. రెండడుగులు వెనక్కి జరిగితే చొక్కా మీద ఎండ పడుతుంది.

"మొఖమే సక్కగ గియ్యలేదు మేడం," అన్నాడు మా దుకాణం సేటు.

"గుండీ కుట్టేటప్పుడు మా అవ్వ మొఖం ఎవలకి చూపెడ్తది సేటు? తల వంచుకునే ఉంటది," అని ఆమె నవ్వారు. వాళ్లమ్మను ఆమె అవ్వ అనే అంటారు.

వెనకటి కాలంలో ఫ్రాన్సులో ఒక చిత్రకారిణి తన అక్కను ఇంట్లోనే కూర్చోబెట్టి ఇలా వేసిందట. ఆ బొమ్మను పుస్తకంలో చూశాకే రాహేలు గారికి తమ ఇల్లు కూడా బొమ్మకు పనికొస్తుందని తోచిందట. ఆ పుస్తకం నేనూ చదివాను. చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు.

"మొన్ననే అయిపోయింది. ఆదివారం అవ్వకు ఇయ్యాలె," అన్నారామె.

"అద్దం ఏద్దాం మేడం. లేకుంటే దుమ్ము పడ్తది," అన్నాడు సేటు.

ఆయిల్ రంగు పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల నెలల తరబడి పచ్చిగా ఉంటుంది. అద్దం దానికి తగలకూడదు. వేయక తప్పకపోతే మధ్యలో స్పేసర్ అనే సన్నటి పట్టీ పెట్టి ఎడం ఉంచాలి. ఇది నాకు తెలుసు. కానీ కస్టమర్ ముందు సేటు మాటకు అడ్డం చెప్పాలంటే నాకు భయం. ఆమె వెళ్లాక కూడా చెప్పలేదు. సేటును అడగకుండా స్పేసర్ పెట్టలేక, నా చేతులతోనే అద్దం బిగించాను. "స్పేసర్ పెట్టలేదు" అని డైరీలో మాత్రం రాసుకున్నాను.

వానాకాలం చివర ఆమె మళ్లీ వచ్చారు.

"లోపల చెమ్మ పట్టినట్టున్నది, జర చూడు చెల్లె."

వెనక మేకులు తీసి అద్దం లేపాను. చొక్కా తెలుపు, సూది పట్టిన చెయ్యి అద్దానికి అంటుకుని ఊడి వచ్చాయి.

"మళ్లొకటి ఎయ్యొచ్చు కద మేడం," అని సేటు గొణిగాడు.

"అవ్వ పోయి ఇరవై దినాలైంది సేటు. ఎవలను చూసి ఎయ్యాలె?"

అప్పుడు నోరు తెరిచాను. "అక్కా, ఇట్లయితదని నాకు ఎరుకే. ఆ దినమే చెప్పాల్సి ఉండె."

"మరెందుకు చెప్పలే?"

భయమయిందని చెప్పడానికి సిగ్గేసింది. ఆమె బొమ్మను సంచిలో పెట్టుకుని, "ఆ అద్దం గూడ ఇయ్యి. చెయ్యి దాని మీదున్నది," అన్నారు.

ఇప్పుడు ఎవరు రంగుల బొమ్మ తెచ్చినా, సేటు పక్కనున్నా సరే, వేసి ఎన్నాళ్లయిందని ముందు నేనే అడుగుతాను. తెలిసిన సంగతి నోటితో చెప్పడం కూడా నా పనేనని నేను నేర్చుకోవడానికి ఒక తల్లి చెయ్యి ఖర్చయింది.