ఎవరి అనుభవంలోనూ లేని భూమి

ఆస్ట్రేలియా చరిత్ర మీద, అక్కడి సమాజం మీద వచ్చిన పుస్తకాలంటే నాకు పిచ్చి. మొదటిది పాత పుస్తకాల కొట్లో దొరికింది. చదువుతుంటే ఎర్రమట్టి, ఎండిన వంకలు, గొర్రెల మందలు, అంతా మా ఊరు బెళుగుప్ప పక్కదే అనిపించింది. ఆ తర్వాత పది పన్నెండు తెప్పించుకున్నాను. కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి కదా, పిల్లల ముందు తెల్లదొరలను ఉతికి ఆరేసేవాణ్ణి. మనుషులు కళ్ళెదుట తిరుగుతుంటే ఆ నేలలో ఎవరూ లేరని కాగితం మీద రాసుకున్న సిగ్గులేనివాళ్ళు అనేవాణ్ణి.

పోయిన వేసవిలో వాటిలో ఒకదాన్ని తెలుగు చేయడానికి కూర్చున్నాను. దొరల వాదం వచ్చే చోట "ఎవరి అనుభవంలోనూ లేని భూమి" అని రాశాను. రెవెన్యూ భాషలో అనుభవం అంటే భూమిని ఎవరు వాడుకుంటున్నారన్నదే. మాట భలే కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను. కాఫీ తాగుతుంటే గుర్తొచ్చింది, అంత సులువుగా ఎందుకు వచ్చిందో. మా ఊరి గుట్ట కింది సర్కారు బీడుకు పట్టా కావాలని అర్జీ పెట్టుకున్నప్పుడు సరిగ్గా ఆ మాటే రాశాను. ఆ బీట్లో మా ఊరి కాపరి ఒకాయన గొర్రెలు మేపుకుంటాడని నాకు తెలుసు. మేపడం అనుభవం కిందికి రాదులే అనుకున్నాను. పట్టా వచ్చింది. రాళ్ళు పాతి ముళ్ళకంచె వేసి చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టాను.

ఛీ అనిపించింది. రెండు రోజులు ఆ పేజీ ముట్టుకోలేదు. మూడో రోజు తోటకు పోతే, కంచె అవతల ఆ గొర్రెల కాపరే మందతో నిలబడి ఉన్నాడు. మా ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. పలకరించి, దొరలు అక్కడ ఎవరూ లేరని రాసుకున్న ఆ పుస్తకం సంగతి ఎత్తాను.

"ఎవురూ లేరని ఎట్ల రాసినారన్నా? ఆడ మనుషులుండారు గదా?" అన్నాడు.

"సేద్యం చేసుకోలే, కంచె ఏసుకోలే, అందుకని లెక్కలోకి రారన్నారంటప్పా."

"మా మాదిరే."

కోపంగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడన్నా తిరిగిచ్చినారా?" అని అడిగాడు.

"కొన్ని చోట్ల ఇచ్చినారు."

"అయితే నువ్వెప్పుడిస్తావన్నా? అంతా వద్దులే. వంకలో మడుగు దాకా తోవ ఇడిస్తే చాలు, గొర్రెలు నీళ్ళకు పోతాయి. ఇప్పుడు గుట్ట సుట్టుకోని పోవాల్సొస్తాండాది. ఈ ఎండకు గొర్రెపిల్లలు దోవలోనే పడిపోతాండాయి."

అప్పుడే కంచె తీయించి ఉండవచ్చు. రెండు రాళ్ళు పీకితే అయ్యే పని.

"మా అన్నను అడిగి చెప్తానప్పా" అన్నాను.

పట్టా నా ఒక్కడి పేరు మీదే ఉందని కాపరికీ తెలుసు. సరేనని తలూపి, మందను గుట్ట వైపు మళ్ళించుకున్నాడు.